మూసుకుపోయిన పైపు

పోయిన వారం చెప్పడం ఆపిన చోట లారీ డ్రైవరు తన టైరుకి గాలి పట్టించుకుని వెళ్ళిపోయాడు. ఊరికే వెళ్ళలేదు, పోతూ పోతూ నా నెత్తిన ఒక మాట పడేసి మరీ పోయాడు. చలికాలంలో మా ఆయన కారు కొండ దారిలో దిగుతున్నప్పుడు దాని వెనకే వస్తున్నది ఈయన లారీయేనట. "మలుపు దాకా ఆ కారు వెనక ఎర్ర లైట్లు వెలుగుతూనే ఉన్నాయమ్మా. ఆరితే ఒట్టు. బ్రేకు మీదే ఉన్నాడు మీ ఆయన. నేను చెప్పాను గానీ ఎవరూ రాసుకోలేదు" అన్నాడు.

ఈ కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. మాది కార్లు బాగుచేసే షెడ్డు. మా ఆయన, మా మరిది, నేను ముగ్గురం పని చేసేవాళ్ళం. మా ఆయన తను ముచ్చటపడి తయారు చేసుకున్న కారుతోనే లోయలో పడి పోయాడు. చూడడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు రోడ్డు మీద టైరు గీతలు లేవన్నాడు. కారు చూసి బ్రేకులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. బ్రేకులు బాగుండి కూడా గీతలు పడలేదంటే బ్రేకు తొక్కలేదన్నమాట. అంతే కదా లెక్క.

ఆ లెక్కకి మా ఇంట్లోకి వచ్చాక కాళ్ళూ చేతులూ మొలిచాయి. ఆ రోజు పొద్దున ఆయనకీ నాకూ మాట మాట పెరిగింది. నెలల తరబడి ఆ కారే లోకమైపోయిందని, "ఇక దాంతోనే కాపురం చేసుకో" అన్నాను. మొగుడూ పెళ్ళాలన్నాక అనుకునే మాటే. మా అత్తయ్య మాత్రం, "పొద్దున్నే ఆ మాట అనకపోతే నా కొడుకు బ్రేకు తొక్కేవాడు" అంది. ఒకసారి కాదు. వడ్డించేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, ఎవరైనా పలకరించడానికి వచ్చినప్పుడు కూడా. చివరికి ఊళ్ళో వాళ్ళు కూడా నన్ను చూసి గొంతు తగ్గించడం మొదలుపెట్టారు.

నేనూ నమ్మాను. ఆయనకి ఆగాలని లేదు, నా దగ్గరికి తిరిగి రావాలని లేదు, అందుకే తొక్కలేదు అనుకున్నాను. ఏడుపు రాలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో మనిషినంతా అలాగే ఉన్నాను. అన్నం తింటే తిన్నట్టు ఉండదు, చెయ్యి కాలితే కాలినట్టు ఉండదు. ఇది బాధ అని కూడా అనుకోలేదు, ఇక ఇంతేనేమో అనుకున్నాను.

లారీ వెళ్ళాక కూడా నేనేమీ గుండెలు బాదుకోలేదు. ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చేతిలో పానా ఉంటే పనిలోకి పోయాను.

ఆ రోజు పని పళ్ళ డాక్టరు గారి కారు. మా ఆయన కారు లాంటిదే, అదే ఇంజను. దాన్ని చూసి మనసు పడి, మా ఆయన తెప్పించిన బయటి కంపెనీ మానిఫోల్డే తనూ తెప్పించుకున్నాడు. మానిఫోల్డ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, ఇంజను పీల్చుకునే గాలిని అన్ని గదులకీ పంచే అల్యూమినియం పెట్టె. కారుతో పాటు వచ్చే పెట్టె అయితే ఏ మూతికి ఏ పైపో మూతే చెప్తుంది, గుడ్డివాడైనా బిగించేస్తాడు. బయటి కంపెనీవాడు మాత్రం పది రకాల ఇంజన్లకి పనికిరావాలని పెట్టె నిండా రంధ్రాలు పెట్టి మన మొహాన పారేస్తాడు. ఏ రంధ్రానికి పైపు తొడిగే ఏ ఇత్తడి నిపిలు, దేనికి ఏ పైపు, దేనికి బిరడా కొట్టెయ్యాలి, అంతా మన తలనొప్పే.

ఆ పని నాకు పడడానికి కారణం నా చెయ్యి చిన్నది కావడమే. మానిఫోల్డ్ వెనక, ఇంజనుకీ దాని వెనకుండే రేకు గోడకీ మధ్య, మా మరిది చెయ్యి దూరదు. అరచెయ్యా అది, తెడ్డు. నా చెయ్యి మోచేతి దాకా పోతుంది.

నిపిళ్ళకి తెల్ల టేపు చుట్టి మొదలుపెట్టాను. మొదటి మర వదిలేసి చుట్టాలి, లేకపోతే టేపు ముక్క తెగి లోపలికి పోతుంది. అల్యూమినియంలో ఇత్తడి బిగించేటప్పుడు బలం చూపిస్తే పెట్టె చిట్లుతుంది, చేతికి తెలిసినంత దగ్గర ఆపాలి. ఇంజను ఆవిరి వెనక్కి పోయే పైపు వేశాను. పెట్రోలు ఒత్తిడి సరిచూసే డబ్బాకి పోయే సన్నపు పైపు వేశాను. అక్కర్లేని రంధ్రాలకి బిరడాలు కొట్టాను. పైపు మూతికి సబ్బునీళ్ళు రాసి తోస్తే నిపిలు మీది గట్టు దాటి కూర్చుంటుంది, ఆ గట్టు దాటాకే క్లిప్పు. వెనక ఉన్న పెద్ద రంధ్రం బ్రేకుది. దానికి సరిపడే వాక్యూమ్ పైపు లేదని మా మరిది బజారుకి పోయాడు. ఈలోగా హీటరుకి పోయే వేడినీళ్ళ పైపు కొలుద్దామని గోడ పక్కనున్న పెట్టె తీశాను.

మా షెడ్డులో ఏదీ పారెయ్యరు. ఇది మా అత్తయ్య చట్టం. పాత క్లిప్పులు, పాత పైపులు, వంగిన మేకులు, అన్నీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఆరబెట్టి, రకాల వారీగా పెట్టెల్లో సర్దుతుంది. మా ఇంట్లో పళ్ళూడిన దువ్వెనకి కూడా ఏదో ఒక ఉద్యోగం ఉంటుంది. నీళ్ళ పైపుల పెట్టెలో మూరెడు ముక్క ఒకటి దొరికింది. బానే ఉంది, రెండు చివర్లా పాత క్లిప్పు గుర్తులున్నాయి. హీటరుకి చాలుతుందా అని మానిఫోల్డ్ వెనక పట్టుకుని చూస్తున్నాను.

అప్పుడే మా మరిది బజారు నుంచి వచ్చాడు. మా ఆయన కంటే మూడేళ్ళు చిన్న. ఇంట్లో అందరూ చిన్నోడనే పిలుస్తారు. నోట్లో నాలుక లేని మనిషి, నిద్దట్లో కూడా గట్టిగా మాట్లాడడు. అలాంటివాడు గుమ్మంలోంచే అరిచాడు.

"వదినా! ఆ పైపు వెయ్యకు!"

నేను తలెత్తలేదు. "ఏం?"

"వద్దు, వద్దు. తీసెయ్. బ్రేకుకి అది పనికిరాదు. వేడెక్కిందంటే లోపలికి పీల్చుకుని మూసుకుపోతుంది. ఇదిగో, వాక్యూమ్ పైపు తెచ్చా. ఇది వెయ్యి."

వాడు వచ్చి నా చేతిలోది లాక్కోబోయాడు. నేను వదల్లేదు. అటో కొస వాడు, ఇటో కొస నేను, చిన్నపిల్లల్లా నిలబడ్డాం.

"ఇది బ్రేకుకి వేస్తున్నానని నీకెవరు చెప్పారు?" అన్నాను.

వాడు పైపు వదిలేశాడు.

"హీటరుకి కొలుస్తున్నాను. నీళ్ళ పైపు నీళ్ళకి వెయ్యక బ్రేకుకి ఎవరేస్తారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టని పెద్దలు ఊరికే అనలేదు. నేనింకా దొంగ అన్న మాటే అనలేదు, వీడు అప్పుడే రెండు భుజాలూ దులుపుకున్నాడు.

"మూసుకుపోతుందని నీకెలా తెలుసు?"

"ఎవరో చెప్పారు."

"ఎవరు?"

"గుర్తులేదు వదినా. నువ్వు ఇలా ఇవ్వు. సాయంత్రం డాక్టరు గారు వస్తారు, పని కావద్దా."

"అవుతుందిలే" అన్నాను. అని, ఆ పైపు తీసుకెళ్ళి బ్రేకు నిపిలుకే తొడిగాను.

నాకు కోపం వచ్చి చేశానని అనుకోకండి. కోపం కూడా రాలేదు. చెయ్యి తన దారిన తను పోయింది. పైపు గట్టు దాటి కూర్చుంది. పాత క్లిప్పు గుర్తు సరిగ్గా ఎక్కడ క్లిప్పు పడాలో అక్కడే ఉంది. రెండో కొస తీసుకెళ్ళి బ్రేకు బూస్టరుకి తొడిగాను. అక్కడా అంతే. పొడవు కూడా ఒక వేలు ఎక్కువ లేదు, ఒక వేలు తక్కువ లేదు, ఈ కారుకే కొలిచి కోసినట్టుంది. ఈ మానిఫోల్డూ, ఈ ఇంజనూ కలిసి ఉన్న కారు మా షెడ్డులో ఇంతకుముందు ఒక్కటే తయారైంది.

"వదినా, వద్దు" అన్నాడు వాడు. ఈసారి అరుపు లేదు.

కార్లో కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాను. "సైలెన్సరు గుమ్మం దాకా వచ్చేలా కారు కాస్త వెనక్కి తొయ్యి" అన్నాను. తోశాడు. ఏం చెప్తే అది చేస్తాడు. అదే వాడితో వచ్చిన తంటా.

బూస్టరంటే పెడల్ వెనకుండే గుండ్రటి డబ్బా. మన కాలి బలం ఒక్కటే కారుని ఆపదు. ఇంజను గాలి పీలుస్తుంది చూడండి, ఆ పీల్పుని పైపుతో ఈ డబ్బాకి తెస్తే అది మన కాలికి తోడొస్తుంది. ఆ పీల్పు తగలకపోతే పెడల్ తొక్కినా బండరాయిని తొక్కినట్టే. నీళ్ళ పైపు లోపల్నించి తోస్తే ఎంతైనా తట్టుకుంటుంది, దాని పుట్టుకే అందుకు. లోపలికి లాగితే మాత్రం తట్టుకోలేదు. చల్లగా ఉన్నంతసేపు బింకంగానే ఉంటుంది, వేడెక్కి మెత్తబడితే దాని సంగతి బయటపడుతుంది. ఇదంతా నాకు ముందునుంచీ తెలుసు. తెలిసినదాన్ని నా కాలితో తెలుసుకోవాలని కూర్చున్నాను.

మొదట పెడల్ వెన్నలా దిగింది. మళ్ళీ తొక్కాను, దిగింది. మా మరిది అద్దం పక్కన నిలబడి నా కాలి వంకే చూస్తున్నాడు.

"చూశావా, బానే ఉంది" అన్నాను. "చాలా బాగుంది. నువ్వు అనవసరంగా భయపడుతున్నావు."

తేలు కుట్టిన దొంగ పలుకుతాడా.

వేడి ముల్లు మధ్యకి వచ్చింది. ఆక్సిలేటరు తొక్కి వదిలాను. వదిలినప్పుడే ఇంజను పీల్పు ఎక్కువ, కొండ దిగేటప్పుడు అందరం చేసేదే అది. తొక్కి వదిలాను, తొక్కి వదిలాను. బ్రేకు తొక్కాను, దిగింది. రెండోసారి సగం దిగింది. డబ్బాలో కాస్త నిలవుంటుంది, అది అయిపోయేదాకా మోసం చేస్తుంది. మూడోసారి పెడల్ కదల్లేదు.

రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, సీటులోంచి లేచి, నా బరువంతా ఆ కాలి మీద వేశాను. వేలెడు కూడా దిగలేదు. పళ్ళు బిగించి తొక్కాను. మడమ నొప్పెట్టింది. చలికాలం తర్వాత నాకు తెలిసిన మొదటి నొప్పి అదే.

"వెనక్కెళ్ళి చూడు. లైట్లు వెలుగుతున్నాయా?"

"వదినా..."

"చూడు."

వాడు వెళ్ళాడు. గుమ్మం అవతలి గోడ ఎర్రగా ఉండడం అద్దంలో నాకూ కనబడుతూనే ఉంది. అయినా వాడి నోటితో వినాలనిపించింది.

"వెలుగుతున్నాయి" అన్నాడు.

తొక్కుతూనే ఉన్నాను. కారు అంగుళం కదలడం లేదు, షెడ్డులో నిలబడి ఉంది, అయినా కాలు తీస్తే ఎక్కడికో పోతానన్నట్టు తొక్కుతూనే ఉన్నాను. ఆయన తొక్కాడు. ఆ మాట నాలోపల ఎవరో పక్కనే నిలబడి చెప్పినట్టు వినపడింది. ఆయన ఆగాలనుకున్నాడు, ఇంటికి రావాలనుకున్నాడు, నా మాటకి మనసు విరిగి కాలు చాపుకుని కూర్చోలేదు. మలుపు దాకా, చిట్టచివరి దాకా, ఇలాగే లేచి నిలబడి తొక్కాడు. నాకు సంతోషం వేసింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ముందు సంతోషమే వేసింది. ఆ తర్వాత ఆయన ఎంత భయపడి ఉంటాడో తెలిసింది. ఏడుపు మాత్రం అప్పుడూ రాలేదు.

ఇంజను ఆపి దిగాను. బానెట్ కిందికి తల పెట్టి చూస్తే పైపు నడుము దగ్గర బల్లపరుపుగా అతుక్కుపోయి ఉంది. చూస్తూ ఉండగానే మెల్లమెల్లగా ఉబ్బి, ఏమీ ఎరగనట్టు, మళ్ళీ గుండ్రంగా అయింది. దానంత బుద్ధిమంతురాలు మరొకరు లేరన్నట్టు ఊరుకుంది. ఇంతకంటే దొంగ వస్తువు మా షెడ్డులో నేనింతవరకూ చూడలేదు.

మా మరిది నేల మీద, టైరుకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

"చెప్పు" అన్నాను.

"ఆ రోజు సరైన పైపు లేదు వదినా. బజారు సెలవు. అన్నయ్య ఆగడం లేదు, ఒక్కసారి తిప్పుకొస్తానంటాడు. నువ్వు షెడ్డుకి రాలేదు. నువ్వుంటే చూసేదానివి."

"నన్ను కలపకు."

"కలపడం లేదు. ఇది వెయ్యొచ్చా అని అన్నయ్యే అడిగాడు. 'ఊరి చుట్టూ తిప్పడానికేగా, వెయ్యొచ్చు, రేపు మార్చేద్దాం' అన్నాను. వేసింది నేనే. క్లిప్పు బిగించింది నేనే. షెడ్డులో తొక్కి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. కొండెక్కుతాడని నాకేం తెలుసు?"

చెయ్యి తెడ్డులా ఉంటేనేం, ఆ రోజు దూరిందన్నమాట. ఎంత గీరుకుని ఉంటుందో. ఆయన పోయినప్పుడు వీడి ముంజేతి మీద గీతలు చూసి, లోయలోకి దిగి అన్నని వెతికినప్పుడు ముళ్ళు గీసుకున్నాయనుకుని నేనే మందు రాశాను.

"పోనీ" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. "తెలియక చేశావు. ఆ మాట ఇన్నేసి నెలలు ఎందుకు మింగావు? ఆయన బ్రేకు తొక్కలేదని ఊరంతా అంటుంటే నోరు మూసుకుని ఎలా విన్నావు? నా మొహాన అంటుంటే ఎలా విన్నావురా?"

"భయమేసింది."

"నాకేం వేసిందనుకున్నావు?"

వాడు ఏడుస్తున్నాడు. ముక్కు తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదు. ఇంకో రోజైతే జాలిపడేదాన్ని. వాడిని నేను తమ్ముడిలా చూసుకున్నాను, వాడికి నచ్చదని కూరలో కారం తగ్గించిన రోజులున్నాయి. ఆ రోజు మాత్రం వాడి వంక చూస్తే గోడని చూసినట్టే ఉంది.

అప్పుడు నాకు ఇంకోటి తట్టింది. తట్టడం కూడా తీరిగ్గా తట్టింది, పానా పెట్టిన చోటు గుర్తొచ్చినట్టు.

"ఇన్‌స్పెక్టరు చూసినప్పుడు కారుకి వాక్యూమ్ పైపే ఉంది. నేనూ అక్కడే ఉన్నాను, చూశాను. ఇది ఈ పెట్టెలోకి ఎలా వచ్చింది?"

"మార్చేశాను" అన్నాడు నేల వంక చూస్తూ. "కారుని లాక్కొచ్చి మన దొడ్లో పెట్టారుగా. ఇన్‌స్పెక్టరు మర్నాడు మధ్యాహ్నం గానీ రాలేదు. పొద్దున్న నువ్వు ఆసుపత్రి దగ్గర ఉన్నావు. అప్పుడు మార్చేశాను."

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే."

"బానెట్ ఎవరు పట్టుకున్నారు?"

వాడి ఏడుపు ఆగిపోయింది.

ఆ కారు నా కళ్ళ ముందే ఉంది. లోయలోంచి తీసేసరికి దాని బానెట్ మడతపడి, కీలు విరిగి వేలాడుతోంది. నిలబెట్టే ఊచ ఎక్కడ పడిపోయిందో తెలియదు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు ఇంకో మనిషి రెండు చేతులా ఎత్తి పట్టుకుంటే గానీ ఆయన తల దూర్చి చూడలేకపోయాడు. మానిఫోల్డ్ వెనకున్న క్లిప్పు విప్పాలంటే రెండు చేతులూ కావాలి. ఒక చేత్తో బానెట్ ఎత్తి ఇంకో చేత్తో ఆ పైపు మార్చే మగాడు ఇంకా పుట్టలేదు.

"చిన్నోడా, బానెట్ ఎత్తి పట్టుకుంది ఎవరు?"

వాడు నా వంక చూడలేదు. నా భుజం మీదుగా, ఇంట్లోకి పోయే తలుపు వైపు చూశాడు.

"నేనే పట్టుకున్నాను" అంది మా అత్తయ్య.

ఎప్పుడొచ్చిందో, తలుపు దగ్గర చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ నిలబడి ఉంది. నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. ఇంజను అరుపు వినే వచ్చి ఉంటుంది. ఈ షెడ్డులో ఏ ఇంజను ఎందుకు అరుస్తోందో నలభై ఏళ్ళుగా వింటున్న మనిషి.

"పైపు పారెయ్యమని ఇచ్చాడు" అంది. "బానే ఉందిగా అని కడిగి పెట్టెలో వేశాను. చెయ్యి ఊరుకోదు."

వాడు తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. నేను అత్తయ్య దగ్గరికి నడిచాను. నా చేతులకి గ్రీజుందని, తగలకుండా వెనక్కి జరిగింది, ఎప్పుడూ జరిగినట్టే.

"ఆయన బ్రేకు తొక్కాడని మీకు తెలుసా అత్తయ్యా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"పైపు చేతిలోకి వచ్చినప్పటినుంచీ."

"తెలిసే అన్నారా? రోజూ? నా మాట వల్లే ఆయన తొక్కలేదని, తెలిసే అన్నారా?"

మా అత్తయ్య కళ్ళు తిప్పుకోలేదు. అందుకు మెచ్చుకోవాలి.

"ఒక కొడుకు పోయాడు. రెండోవాణ్ణి జైలుకి పంపి నేనేం చూసుకుని బతకను? ఎవరి మీదో ఒకరి మీద పడాలి. నీ మీద పడకపోతే జనం షెడ్డు వైపు చూసేవాళ్ళు, వీడి వైపు చూసేవాళ్ళు. కడుపు తీపి నీకు తెలియదు."

"మరి నేను?"

"నువ్వెప్పటికైనా వెళ్ళిపోయేదానివేగా" అంది. "వెళ్ళేటప్పుడు అదీ మోసుకుపోతావనుకున్నాను."

ఆ మాట చాలా మామూలుగా అంది. వీధిలోకి వెళ్తున్నావుగా, ఆ చెత్త కూడా తీసుకుపో అన్నంత మామూలుగా. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. చలికాలం నుంచీ రానిది, ఆయన శవం ముందు రానిది, ఆవిడ ముందు వచ్చింది. ఎంత తుడిచినా ఆగలేదు. అందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. ఏడుస్తూనే వెనక్కి తిరిగాను. క్లిప్పులు విప్పాను, పైపు లాగాను, కాగితంలో చుట్టి చంకలో పెట్టుకున్నాను.

"ఎక్కడికి?" అంది అత్తయ్య.

"ఇన్‌స్పెక్టరు దగ్గరికి. మా ఆయన బ్రేకు తొక్కాడని రాయించుకొస్తాను."

నేను నాలుగడుగులు వేశానో లేదో, వెనక నుంచి ఆవిడ గొంతు వినపడింది. అది పెద్దదీ కాలేదు, వణకనూ లేదు.

"చిన్నోడా, షట్టరు దించు."

మా మరిది లేచాడు. ఒక్కసారి నా మొహంలోకి చూశాడు. ఇన్ని నెలల్లో వాడు నన్ను సూటిగా చూడడం అదే మొదలు. వాడు పక్కకి తప్పుకుంటాడనే అనుకున్నాను.

షట్టరు దించాడు.